మలేరియా రక్తపరీక్ష: ‘లేదు’ అన్నంత మాత్రాన లేనట్లేనా?

వర్షఋతువు ప్రవేశించిన నాటి నుండి శరదృతువు ముగిసే వరకు వైద్యుని ముంగిట చలిజ్వర పీడితుల రాక అధికంగా ఉంటుంది. ఈ రోజుల్లో వారిలో చాలామంది ఒట్టి చేతులతో రారు. చేతిలో ఒక రక్తపరీక్ష కాగితం ఉంటుంది. “మలేరియా లేదని వచ్చిందండీ, ఇక మీ కషాయమేదో ఇవ్వండి” అని కొందరు అడుగుతారు. “మలేరియా ఉన్నదన్నారు, ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయి కదా, మీరేదైనా ఆకుమందు ఇవ్వండి” అని మరికొందరు కోరుతారు. ఉభయులూ ఆ కాగితాన్ని చూశారు, కాని చదవలేదు. అందులో ‘లేదు’, ‘ఉన్నది’ అన్న రెండు మాటలు తప్ప మరేమీ వారి దృష్టికి ఆనలేదు.

నాది గురుకుల విద్య. నాడి, నాలుక, నేత్రం, మూత్రం పరిశీలించి రోగ నిర్ణయం చేసే సంప్రదాయంలో నేను వైద్యం అభ్యసించాను. ఆ సంప్రదాయంపై నాకు గల గౌరవం అణుమాత్రం తగ్గలేదు. అయినప్పటికీ ఈ విషయమై నా అభిప్రాయాన్ని నిస్సంకోచంగా చెప్పదలచుకున్నాను. చలితో వచ్చే జ్వరానికి రక్తపరీక్ష చేయించకుండా కషాయం కాచి త్రాగించడం ఆయుర్వేదం కాదు. పరీక్ష చేయించి, దాని అర్థం తెలుసుకోకుండా కాగితాన్ని మడిచి అలమారలో పెట్టడం వివేకమూ కాదు.

ప్రాచీనులు చూసినది ఏమిటి?

మన శాస్త్రంలో ఈ జ్వరాన్ని విషమజ్వరమన్నారు. అది వచ్చే కాలక్రమాన్ని బట్టి సంతతము, సతతము, అన్యేద్యుష్కము, తృతీయకము, చతుర్థకము అని ఐదు విధాలుగా విభజించారు. ఎడతెగక కాయునది సంతతము. దినమునకు రెండు మార్లు వచ్చునది సతతము. దినమున కొకమారు వచ్చునది అన్యేద్యుష్కము. దినము విడిచి దినము వచ్చునది తృతీయకము. రెండు దినములు విడిచి వచ్చునది చతుర్థకము. ఉష్ణమాపకం లేని కాలంలో, కేవలం రోగి మంచం ప్రక్కన కూర్చుండి ఇంత సూక్ష్మంగా గమనించిన వారి దీక్షకు నమస్కరించవలసినదే.

ఆధునికులు సూక్ష్మదర్శినిలో చూసినది కూడ దీనికి దూరంగా లేదు. ప్లాస్మోడియం వైవాక్స్ అను పరాన్నజీవి ఎర్ర రక్తకణాలలో పెరిగి వాటిని పగులగొట్టుకొని బయటకు రావడానికి సుమారు 48 గంటలు పడుతుంది. కనుక జ్వరం దినం విడిచి దినం వస్తుంది. ప్లాస్మోడియం మలేరియేకు 72 గంటలు పడుతుంది. కనుక అది చతుర్థకమవుతుంది. ఇంతవరకు పూర్వులకూ ఆధునికులకూ పొత్తు కుదిరినది.

కాని ఇక్కడనే ఒక ప్రమాదం పొంచి ఉన్నది. జ్వరం ఆరంభమైన మొదటి దినాలలో ఈ లయ స్థిరపడదు. వైవాక్స్ కూడ ప్రతి దినమూ రావచ్చును. అన్నింటికంటె ప్రాణాంతకమైన ప్లాస్మోడియం ఫాల్సిపారం అయితే తరచు ఏ లయకూ లొంగదు. ఒకనికి చలి ఉండదు, మరొకనికి వాంతులు, విరేచనాలు ముందుగా కనిపిస్తాయి, ఇంకొకనికి తలనొప్పి, ఒళ్ళునొప్పులు మాత్రమే ఉంటాయి. “రోజు విడిచి రోజు రావడం లేదు కనుక ఇది మలేరియా కాదు” అని ఇంటి పెద్దలు తేల్చివేయడం ఇందువలననే తగదు.

రోగాన్ని తెలుసుకొనుటకు ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము అను మూడు సాధనాలను చరకాచార్యులు నిర్దేశించారు. నాడి చూసి లోపల ఏమి జరుగుచున్నదో ఊహించుట అనుమానము. గాజుపలకపై ఒక చుక్క రక్తం పూసి అందులోని పరాన్నజీవిని కంటితో చూచుట ప్రత్యక్షము. ప్రత్యక్షం లభ్యమగుచుండగా అనుమానంతో తృప్తిపడుట శాస్త్రసమ్మతం కాదు. సూక్ష్మదర్శిని పాశ్చాత్యులది కనుక అది మనకు పనికిరాదనుట కళ్ళజోడు పెట్టుకొని గ్రంథం చదవరాదనుట వంటిది.

పరీక్షలో ఏమి జరుగుతుంది?

మలేరియాకు మన ఊళ్ళలో ప్రధానంగా రెండు పరీక్షలు జరుగుతున్నాయి.

మొదటిది స్మియర్ పరీక్ష. వ్రేలి కొనను సూదితో గుచ్చి రక్తాన్ని గాజుపలకపై రెండు విధాలుగా పూస్తారు. దళసరి పూతలో ఎక్కువ రక్తం ఉంటుంది కనుక పరాన్నజీవులు కొద్దిగా ఉన్నా దొరికే అవకాశం ఎక్కువ. పలుచని పూతలో రక్తకణాలు విడివిడిగా పరచుకొని ఉంటాయి కనుక అది ఏ జాతి పరాన్నజీవియో స్పష్టంగా గుర్తించవచ్చును. ఆ పూతలకు రంగు వేసి చూస్తారు. జస్వంత్ సింగ్, భట్టాచార్జీ అను మన దేశపు శాస్త్రజ్ఞులు రూపొందించిన జె.ఎస్.బి. రంగు ఇప్పటికీ వాడుకలో ఉన్నది. ఈ పరీక్ష ఫలితం చూసేవాని కంటిపైన, ఓర్పుపైన ఆధారపడి ఉంటుంది. ‘లేదు’ అని వ్రాయడానికి ముందు దళసరి పూతలో కనీసం వంద క్షేత్రాలనైనా పరికించాలి. రద్దీలో పది క్షేత్రాలు చూసి వ్రాసిన ‘లేదు’కు విలువ తక్కువ.

రెండవది కార్డు పరీక్ష. ఒక చుక్క రక్తాన్ని, కొద్దిపాటి ద్రావకాన్ని కార్డుపై వేస్తే పావుగంట, ఇరవై నిమిషాలలో గీతలు తేలుతాయి. ఇది పరాన్నజీవిని చూడదు. పరాన్నజీవి రక్తంలోకి విడిచే మాంసకృత్తులను పట్టుకుంటుంది. కార్డుపై ఒక గీత కంట్రోలుది. అది తేలకపోతే మిగిలిన గీతలు ఎట్లా ఉన్నా ఆ కార్డు చెల్లదు, మరొక కార్డు వేయవలసినదే. మిగిలిన గీతలు ఫాల్సిపారానికి, వైవాక్స్‌కు వేరువేరుగా ఉంటాయి. గీత లేతగా ఉన్నా గీతే. అయితే నిర్ణీత సమయం దాటిన తరువాత, గంటల కొద్దీ ప్రక్కన పడి ఉన్న కార్డులో తేలిన గీతను లెక్కలోకి తీసుకొనకూడదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోను, గ్రామాలలో ఆశా కార్యకర్తల వద్దను ఈ పరీక్ష ఉచితం.

ఇవి గాక పట్టణాలలో క్యూ.బి.సి. అను పరీక్ష కూడ కొన్నిచోట్ల చేస్తున్నారు. అది పరాన్నజీవి ఉనికిని త్వరగా పట్టగలదు గాని జాతిని తేల్చడంలో స్మియర్ అంత స్పష్టత ఇవ్వదు. ఇక ప్రతిరక్షకాలను చూసే పరీక్షలు గతంలో ఎప్పుడో వచ్చిపోయిన మలేరియాను కూడ చూపగలవు కనుక నేటి జ్వరాన్ని నిర్ణయించడానికి అవి ఉపకరించవు.

రక్తం ఎప్పుడు ఇవ్వాలి? “చలి వణుకు వచ్చినప్పుడే రక్తం తీయాలట” అని ఎదురుచూసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇది కాలాన్ని వృథా చేసే నమ్మకం. జ్వరం కనిపించిన వెంటనే, అది ఉన్నా, దిగినా, రక్తం ఇవ్వవచ్చును. కావలసినదల్లా మాత్రలు వేసుకొనక మునుపే ఇవ్వడం. మందుల దుకాణంలో అడిగి నాలుగు క్లోరోక్విన్ మాత్రలు మ్రింగి, మరునాడు పరీక్షకు వెళ్ళినవారి రక్తంలో పరాన్నజీవులు అన్నీ చావవు, సంఖ్య మాత్రం తగ్గి కంటికి చిక్కకుండా పోతాయి. రోగం ఉంటుంది, కాగితంపై ‘లేదు’ అని ఉంటుంది.

‘లేదు’ అన్న మాటకు అర్థం

ఇక్కడ కొంచెం లెక్క చెప్పక తప్పదు. పాఠకులు ఓపికతో చూడవలెనని మనవి.

ఒక రక్తపు చుక్కలో సుమారు 50వ వంతును మైక్రోలీటరు అంటారు. అందులో దాదాపు 50 లక్షల ఎర్ర కణాలుంటాయి. అనుభవజ్ఞుడైన పరీక్షకుడు మైక్రోలీటరుకు 50 పరాన్నజీవులున్నా గుర్తించగలడు. అంటే లక్ష కణాలలో ఒకటి. కార్డు నిశ్చయంగా పట్టాలంటే సాధారణంగా మైక్రోలీటరుకు 100 నుండి 200 వరకు ఉండాలి. పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది, అంటే 50 లక్షల మైక్రోలీటర్లు. మైక్రోలీటరుకు 10 పరాన్నజీవులు మాత్రమే ఉన్న రోగి శరీరంలో మొత్తం 5 కోట్ల పరాన్నజీవులుంటాయి. అయినా అతని కాగితంలో ‘లేదు’ అనే రావచ్చును!

దీనికి తోడు ఫాల్సిపారానికి మరొక కపటమున్నది. అది బాల్యదశలోనే రక్తప్రవాహంలో తిరుగుతుంది. పెరిగిన తరువాత తానున్న ఎర్ర కణాన్ని మెదడు, మూత్రపిండాలు మొదలైన అవయవాల సన్నని రక్తనాళాల గోడలకు అంటింపజేసి అక్కడ దాగి ఉంటుంది. వ్రేలి కొన నుండి తీసిన చుక్కలో అప్పుడు కొన్ని మాత్రమే దొరుకుతాయి, ఒక్కొక్కసారి ఏమీ దొరకవు. కొన్ని ఫాల్సిపారం తెగలలో కార్డు వెదకే మాంసకృత్తే లోపించి ఉండడం కూడ గమనించారు. అట్టివారిలో కార్డు మోసపోతుంది.

కనుక ‘లేదు’ అన్న మాటను నేను ఇట్లా చదువుతాను: “ఈ చుక్కలో, ఈ గంటకు, ఈ పద్ధతిలో మాకు కనిపించలేదు.” అంతకు మించి ఆ కాగితం ఏమీ చెప్పడం లేదు. జ్వరం తగ్గక, మరొక కారణమూ స్పష్టం కాక ఉన్నప్పుడు 12 నుండి 24 గంటల వ్యవధితో మరల రక్తం ఇవ్వాలి. ఆ విధంగా మూడు మార్లు ‘లేదు’ అని వస్తే అప్పుడు ఆ మాటకు బలం చేకూరుతుంది.

కొన్ని సంవత్సరాల క్రిందట ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం మారేడుమిల్లి అడవులకు విహారయాత్ర వెళ్ళి వచ్చినది. తిరిగి వచ్చిన పన్నెండవ నాడు వారి కుమారునికి జ్వరం వచ్చినది. రెండవ నాడు కార్డు పరీక్ష చేయించగా ‘లేదు’ అని వచ్చినది. దానితో నిశ్చింతపడి ఇంట్లో మిరియాల కషాయం, పైన జ్వరం మాత్రలు వాడుతూ నాలుగవ నాటికి నా వద్దకు వచ్చి నేలవేము కషాయం వ్రాసి ఇవ్వమన్నారు. అబ్బాయి కూర్చుండగలడు గాని మాట తడబడుచున్నది. “ఈ మధ్య ఎక్కడికైనా వెళ్ళారా నాయనా?” అని అడిగిన మీదట మన్యం సంగతి బయటపడినది. కషాయం వ్రాయక, ఆ క్షణమే వారిని పెద్ద ఆసుపత్రికి పంపించాను. అక్కడ తీసిన స్మియర్‌లో ఫాల్సిపారం దండిగా కనిపించినది. సూది మందులతో అబ్బాయి కోలుకున్నాడు. మరొక్క రాత్రి ‘లేదు’ అన్న కాగితాన్ని నమ్ముకొని ఉంటే ఏమి జరిగేదో తలచుకొనడానికే భయం వేస్తుంది.

ఇక్కడ ఒక చారిత్రక సత్యాన్ని స్మరించుకొనడం ఉచితం. మలేరియాకు, దోమకు గల సంబంధం మన సికిందరాబాదులోనే 1897 ఆగస్టు 20న రుజువైనది. దోమ ఉదరంలో పరాన్నజీవిని చూసిన సర్ రోనాల్డ్ రాస్ అంతకు ముందు రెండేళ్ళుగా దోమలను కోసి చూస్తూనే ఉన్నాడు. అన్నాళ్ళూ ఆయనకు దొరికిన సమాధానం ‘లేదు’ అనే. ఆయన చూస్తున్నవి వేరు జాతి దోమలు. సరియైన దోమ చిక్కిన నాడు ‘ఉన్నది’ అని తేలినది. ఆ ఒక్క ‘ఉన్నది’కి 1902లో నోబెల్ బహుమానం లభించినది. వెదకినది దొరకకపోవడం వేరు, అది లేకపోవడం వేరు.

‘ఉన్నది’ అన్న మాటకు అర్థం

‘ఉన్నది’ అన్నంత మాత్రాన కూడ పని ముగియలేదు. కాగితంలో ‘ఎం.పి. పాజిటివ్’ అని మాత్రమే వ్రాసి ఇస్తే దానిని అంగీకరించకండి. ఏ జాతియో వ్రాయించుకొనండి. ‘పి.వి.’ అంటే వైవాక్స్, ‘పి.ఎఫ్.’ అంటే ఫాల్సిపారం, ‘మిక్స్‌డ్’ అంటే రెండూను. పేర్లు రెండు గనుక చికిత్సలు రెండు.

వైవాక్స్ అయితే సాధారణంగా వైద్యులు మూడు రోజులు క్లోరోక్విన్, దానితోపాటు 14 రోజులు ప్రిమాక్విన్ ఇస్తారు. మూడు రోజుల మాత్రలతో జ్వరం దిగిపోతుంది. దిగినది కదా అని పదునాలుగు రోజుల మాత్రలను చాలామంది మధ్యలో మానివేస్తారు. ఇక్కడనే పొరపాటు జరుగుతుంది. వైవాక్స్ కొంత భాగం రక్తంలో గాక కాలేయంలో నిద్రాణంగా పడి ఉంటుంది. ఏ రక్తపరీక్షకూ అది కనిపించదు. రక్తం శుభ్రమైనదని కాగితం చెప్పినప్పటికీ కాలేయంలో బీజం మిగిలి ఉండవచ్చును. వారాలకో, నెలలకో అది మేల్కొని జ్వరం మరల వస్తుంది. “ఇంగ్లీషు మందు రోగాన్ని అణచుతుందే గాని సమూలంగా తీయదు, అందుకే తిరగబెట్టినది” అంటూ నా వద్దకు వచ్చినవారిని “పదునాలుగు రోజుల మాత్రలు ఎన్ని వేసుకున్నారు?” అని అడుగుతాను. సాధారణంగా వచ్చే సమాధానం నాలుగు, లేక ఐదు. సమూలంగా తీసే మందును సగంలో విడిచిపెట్టి మందును నిందించడం న్యాయం కాదు.

అయితే ప్రిమాక్విన్ అందరికీ పడే మందు కాదు. జి-6-పి.డి. అను ఒక పదార్థం పుట్టుకతోనే లోపించినవారిలో అది ఎర్ర కణాలను చిట్లజేస్తుంది. ఆ లోపం ఉన్నదీ లేనిదీ తెలుసుకొనడానికి వేరే రక్తపరీక్ష ఉన్నది. వీలున్నచోట ముందుగా చేయించుకొనడం శ్రేయస్కరం. మాత్రలు వేసుకొనే దినాలలో మూత్రం కాఫీ డికాక్షన్ రంగుకు మారినా, కళ్ళు పచ్చబడినా, ఆయాసం వచ్చినా మాత్ర ఆపి వెంటనే వైద్యుని చూడాలి. గర్భవతులకు, పసిబిడ్డలకు ఈ మందు ఇవ్వరు.

ఫాల్సిపారం అయితే ఆర్టిమిసినిన్ కలిసిన మిశ్రమ ఔషధం మూడు రోజులు ఇస్తారు. దానితో పాటు, ఇవ్వదగిన వారికి, ఒక్కమారు ప్రిమాక్విన్ ఇస్తారు. ఈ ఒక్క మోతాదు రోగి నుండి దోమకు, దోమ నుండి ఇరుగుపొరుగుకు రోగం ప్రాకకుండా కాపాడుతుంది. ఫాల్సిపారం అని కాగితంలో చూసిన తరువాత ‘ఒక రోజు చూద్దాం’ అన్న మాట కూడదు. మాట తడబడటం, మగత, మూర్ఛ, ఎడతెగని వాంతులు, ఆయాసం, కళ్ళు పచ్చబడటం, మూత్రం తగ్గిపోవడం, లేచి కూర్చుండలేనంత నీరసం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది రాత్రి రెండు గంటలైనా సరే ఆసుపత్రికి చేర్చవలసినదే.

కాగితంలో కూడిక గుర్తులు కూడ ఉంటాయి. దళసరి పూతలో వంద క్షేత్రాలకు 1 నుండి 10 వరకు పరాన్నజీవులుంటే ఒక గుర్తు, 11 నుండి 100 వరకైతే రెండు, ఒక్కొక్క క్షేత్రానికే 1 నుండి 10 అయితే మూడు, పదికి మించితే నాలుగు. నాలుగు గుర్తులుంటే తప్పక ప్రమాదమే. అయితే ఒకటే గుర్తు ఉన్నదని ఫాల్సిపారాన్ని తేలికగా తీసుకొనరాదు. అవయవాలలో దాగినవి ఈ లెక్కలోకి రావని పైన చెప్పి ఉన్నాను.

తగ్గిన తరువాత వచ్చే కాగితం

చికిత్స పూర్తి చేసి, జ్వరం తగ్గి, పదవ నాడు ఎవరో చెప్పగా మరల కార్డు పరీక్ష చేయించి, ‘ఉన్నది’ అని రాగా బెంబేలుపడి వచ్చేవారు కొందరు. ఫాల్సిపారం విడిచిన మాంసకృత్తు, పరాన్నజీవి చచ్చిన తరువాత కూడ రెండు మూడు వారాలు, కొందరిలో అంతకు మించి రక్తంలో నిలిచి ఉంటుంది. నిప్పు ఆరినా బూడిద వెచ్చగా ఉన్నట్లు. అందువలన మందు పనిచేసినదా లేదా అని చూడటానికి స్మియర్ చేయించాలి గాని కార్డు కాదు. స్మియర్‌లో ‘గామిటోసైట్లు మాత్రమే’ అని వ్రాసి ఉన్నా చికిత్స విఫలమైనదని అర్థం కాదు. అవి దోమకు చేరవలసిన రూపాలు, జ్వరం తెప్పించేవి కావు. కొన్ని వారాలు నిలిచి ఉండవచ్చును. అయితే ‘రింగ్’ రూపాలు తగ్గకుండా ఉన్నా, జ్వరం మరల వచ్చినా వైద్యుని తప్పక సంప్రదించాలి.

ప్రక్కదారి పట్టించే మరి రెండు కాగితాలు

మన ఇళ్ళలో “మలేరియా, టైఫాయిడ్ రెండూ కలిసి వచ్చాయి” అన్న మాట తరచు వినిపిస్తుంది. దీనికి ఆధారం చాలాసార్లు ఒక్క వైడాల్ పరీక్ష. పూర్వం వచ్చిన టైఫాయిడ్ వలన, వేయించుకున్న టీకా వలన, ఒక్కొక్కసారి మలేరియా వలననే వైడాల్ అంకెలు పెరిగి కనిపిస్తాయి. ఒక్క వైడాల్ కాగితంతో టైఫాయిడ్ అని నిర్ణయించి, మలేరియా పరీక్షను మరచిపోవడం ప్రమాదకరం.

ఇక ప్లేట్‌లెట్ల సంగతి. ఆ సంఖ్య పడిపోయినదనగానే అది డెంగీయే అని తలచి బొప్పాయి ఆకు రసం తీయడం మొదలుపెట్టే గృహాలు నేడు అనేకం. ప్లేట్‌లెట్లు మలేరియాలో కూడ పడిపోతాయి. డెంగీకి లేని మందు మలేరియాకు ఉన్నది, దానికి గడువు కూడ ఉన్నది. ఆకు రసం తీసే సమయంలో ఆ గడువు గడచిపోకూడదు. ప్లేట్‌లెట్లు తగ్గిన ప్రతి జ్వర రోగికి మలేరియా పరీక్ష జరిగినదా అని ఇంటివారే అడగాలి.

మరి ఆయుర్వేదం స్థానమేమిటి?

“మీరే ఇట్లా అంటే మన వైద్యం గతి ఏమిటి?” అని సాటి వైద్యులొకరు నన్ను ఆక్షేపించారు. నా సమాధానమిది. నేలవేము, తిప్పతీగ, ఏడాకుల అరటి వంటి మూలికలు జ్వరచికిత్సలో తరతరాల అనుభవం గలవి. కాని అనుభవాన్ని పరీక్షకు నిలబెట్టినప్పుడు వచ్చిన ఫలితాన్ని అంగీకరించే ధైర్యం కూడ మనకుండాలి. మలేరియా కోసమే మన కేంద్రీయ పరిశోధనా మండలి రూపొందించిన ఆయుష్-64ను వైవాక్స్ రోగులలో క్లోరోక్విన్‌తో పోల్చి చూశారు. 2000లో ప్రచురితమైన ఆ పరిశీలనలో క్లోరోక్విన్ తీసుకున్నవారందరూ స్వస్థులు కాగా ఆయుష్-64 తీసుకున్నవారిలో దాదాపు సగం మందికే గుణం కనిపించినది. సగం మందికి గుణమిచ్చే మందును, నూటికి నూరు మందికి గుణమిచ్చే మందు ఉండగా, నా రోగికి నేను ఎట్లా ఇవ్వగలను?

ఇది మూలికలకు అవమానం కాదు. ఫాల్సిపారాన్ని జయిస్తున్న ఆర్టిమిసినిన్ కూడ ఒక మూలిక నుండి వచ్చినదే. చైనా దేశపు ప్రాచీన వైద్యగ్రంథంలో ఆ మొక్కను నీటిలో నానబెట్టి పిండి రసం త్రాగమని ఉండటం గమనించిన తు యుయు అను శాస్త్రవేత్త, వేడి తగలకుండా సారం తీయవలెనని గ్రహించి 1970 ప్రాంతాలలో దానిని సాధించినది. 2015లో ఆమెకు నోబెల్ బహుమానం వచ్చినది. రక్తంలో పరాన్నజీవి ఉన్నదా, పోయినదా అని పదేపదే పరీక్షించి చూడటం వలననే ఆ ఆకుకు ప్రపంచంలో అంత గౌరవం దక్కినది. మన మూలికలకు కూడ ఆ గౌరవం దక్కవలెనంటే దారి అదొక్కటే.

అంతవరకు మన వంతు మరొకటున్నది. రోగిని తేలికైన ఆహారంతో, తగిన పానీయాలతో, విశ్రాంతితో కాపాడటం, జ్వరం విడిచిన తరువాత అగ్నిని, బలాన్ని, రక్తాన్ని తిరిగి నిలబెట్టడం మనకు బాగుగా తెలిసిన పనులు. పేలాల జావ, పెసరకట్టు, దానిమ్మ, ద్రాక్ష, ఉసిరి ఆ దినాలలో హితం. ఒక్క హెచ్చరిక మాత్రం చేయవలసి ఉన్నది. ‘లంఘనం పరమౌషధం’ అన్న మాటను ఫాల్సిపారానికి అన్వయించకండి. ఆ రోగంలో, ముఖ్యంగా పిల్లలలోను, గర్భవతులలోను, రక్తంలోని చక్కెర హఠాత్తుగా పడిపోతుంది. వారిని పస్తుంచడం అపాయకరం.

గృహస్థులు గుర్తుంచుకొనవలసినవి

1. చలితో గాని, చలి లేకుండా గాని జ్వరం వస్తే మాత్రలకు, కషాయానికి ముందు రక్తం ఇవ్వండి.

2. గత నెల రోజులలో అరకు, పాడేరు, మారేడుమిల్లి, పాపికొండలు వంటి మన్యప్రాంతాలకు వెళ్ళి ఉంటే ఆ సంగతి వైద్యునికి అడగక ముందే చెప్పండి. కుట్టిన మరునాడే మలేరియా రాదు. సాధారణంగా వారం నుండి మూడు వారాలు పడుతుంది, వైవాక్స్ అయితే నెలల తరువాత కూడ రావచ్చును.

3. కాగితంలో నాలుగు సంగతులు చూడండి: ఏ పరీక్ష చేశారు, రక్తం ఎప్పుడు తీశారు, ఏ జాతి, ఎంత తీవ్రత.

4. ‘లేదు’ అని వచ్చినా జ్వరం నిలిచి ఉంటే మరల పరీక్ష చేయించండి.

5. ‘పి.వి.’ అని వస్తే పదునాలుగు రోజుల మాత్రలను వైద్యుని సలహాపై పూర్తిగా వాడండి. ‘పి.ఎఫ్.’ అని వస్తే ఆ పూటే చికిత్స ప్రారంభించండి.

6. ఆ కాగితాలను పారవేయక భద్రపరచండి. మూడు నెలల తరువాత జ్వరం వస్తే అది పాతదో, కొత్తదో ఊహించడానికి వైద్యునికి అవే ఆధారం.

2030 నాటికి దేశంలో మలేరియా లేకుండా చేయవలెనని ప్రభుత్వం సంకల్పించినది. రోగులు తగ్గుచున్న కొద్దీ పరీక్ష అవసరం తగ్గదు, పెరుగుతుంది. ఎందుకనగా, అరుదైన రోగాన్ని వైద్యుడూ మరచిపోతాడు, ఇంటివారూ మరచిపోతారు. అప్పుడు దానిని గుర్తుచేసేది ఆ ఒక్క రక్తపు చుక్కే. చికిత్సకు రోగనిర్ణయం పునాది అని మన ఆచార్యులు బోధించారు. ఆ పునాది గాజుపలకపై పడినదా, నాడిపై పడినదా అన్న పట్టింపు వైద్యునికి ఉండవచ్చును గాని రోగి ప్రాణానికి ఉండదు.